ఫ్లెక్సీ వెనక ఊసరవెల్లి

మెదక్ వెళ్ళొచ్చానని చెప్పగానే మా కాకినాడలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, "చర్చి చూశావా?" అని. చూశాను. తలెత్తి చూసి చూసి మెడ పట్టేసింది. రెండో ప్రశ్న మాత్రం గొంతు తగ్గించి అడిగేవారు: "నిన్నేమీ అనలేదా?"

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం మంచి వేడి మీద ఉన్న రోజులవి. టీవీలో చూసిన వాటికి తమ భయాన్ని కూడా కలిపి మా వీధివాళ్ళు నాకు వీడ్కోలు చెప్పారు. మా ఆడపడుచు అయితే "వదినా, నోరు మాత్రం విప్పకు" అని సలహా ఇచ్చింది. నోరు విప్పితే నా 'అండీ' బయటపడుతుందని ఆమె భయం. నన్ను ఏమన్నారో, నేను ఏమయ్యానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను డ్రాయింగు టీచర్ని. ఇరవై ఎనిమిదేళ్ళుగా పిల్లల చేత మామిడికాయ, కూజా, జెండా వేయిస్తున్నాను. ఒకరోజు పత్రికలో ఒక మూల చిన్న బొమ్మ కనిపించింది. ఓటు వేయడానికి గొర్రెలు వరసలో నిలబడ్డాయి. బల్ల దగ్గర కూర్చున్న కసాయి ఒక్కో గొర్రెకూ గడ్డికట్ట ఇచ్చి వేలికి సిరా పూస్తున్నాడు. మెదక్‌లో సైన్‌బోర్డులు రాసే యాదగిరి అనే ఆయన వేశాడట. కసాయి ముఖంలో ఎంత వాత్సల్యం ఉందంటే, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పత్రికకు ఉత్తరం రాసి, ఆయన ఫోను నంబరు తెప్పించుకుని మాట్లాడాను. "దసరా ముంగట మూడు దినాలు బొమ్మలు పెడ్తున్న మేడం, రండ్రి" అన్నాడు. వెళ్ళాను.

నడిరోడ్డు మీద భోజనం

హైదరాబాద్‌లో మెదక్ బస్సెక్కి, నర్సాపూర్ అడవి దాటినా నోరు విప్పలేదు. టికెట్టు కూడా వేలు చూపించి తీసుకున్నాను. కాసేపటికి బస్సు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా మూడు పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గంజులు. ఉద్యమంలో భాగంగా జనం రోడ్డు మీదే వండుకుని, రోడ్డు మీదే తింటున్నారు. ఆగిన వాహనాల్లో వాళ్ళకీ విస్తళ్ళు వేస్తున్నారు.

"దిగుండ్రి, దిగుండ్రి! బస్సు గిప్పుడే పోదు. బువ్వ తిని కూసోండ్రి" అని ఒకామె కిటికీలు తట్టుకుంటూ వచ్చింది.

దిగాను. రాష్ట్రం విడిపోవాలని వండిన అన్నం, విడిపోకూడదనే ఊరి మనిషిని, తినొచ్చా అని ఆలోచించాను. ఆకలి ఆ ఆలోచనను పూర్తి కానివ్వలేదు. ఆమె "ఏ ఊరమ్మా?" అంది. నేను చేత్తో ఎటో దూరంగా చూపించాను. "యాడికి పోతున్నవ్?" అంది. మళ్ళీ చేత్తో ముందుకు చూపించాను. ఆమె ముఖం జాలిగా అయిపోయింది.

"పాపం, మూగది. జర ఇంకింత పప్పు పెట్టుండ్రి" అని పక్కామెకు చెప్పింది.

ఆ అన్యాయపు పప్పు తింటూ ఉండగా విస్తట్లో పచ్చిపులుసు పోశారు. మా వైపు చారు కాచందే ఊరుకోం. ఇక్కడ చింతపండు పులుసులో ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ నలిపి, పొయ్యి మొహం చూపించకుండానే పోసేస్తారు. ఒక్క గుటక వేశానో లేదో, నోరు నా అదుపులోంచి జారిపోయింది.

"అబ్బ! ఎంత బాగుందండీ!"

ఆ 'అండీ' మూడు పొయ్యిల దాకా వినిపించింది. గరిటెలు ఆగాయి. వడ్డిస్తున్నామె నన్ను ఎగాదిగా చూసింది.

"మూగది గాదే! ఆంధ్రామె!"

ఆమె గరిటె పైకెత్తి రోడ్డు మీదున్న అందరికీ వినబడేలా అరిచింది: "ఇన్నరా? రాష్ట్రం ఇయ్యొద్దన్నోళ్ళు మన పచ్చిపులుసు మంచిగున్నదని ఒప్పుకున్నరు!"

నవ్వులు రోడ్డంతా పాకాయి. నా విస్తట్లో రెండోసారి పులుసు పడింది. అక్కడి నుంచి మెదక్ దాకా బస్సులో నేను ఆపకుండా మాట్లాడాను.

ఎస్తేరు టీచరమ్మ ఇల్లు

మెదక్‌లో యాదగిరి కుదిర్చిన బస ఎస్తేరు టీచరమ్మ ఇంట్లో. చర్చికి కూతవేటు దూరంలో ఇల్లు. ఆమె రిటైరై పదేళ్ళయింది. పెరట్లో ఒకప్పుడు ఆడపిల్లలకు కుట్టుపని నేర్పిన రేకుల షెడ్డు ఉంది. యాదగిరి బొమ్మల ప్రదర్శన అందులోనే. కిరాయి తీసుకోలేదు కానీ ఒక షరతు పెట్టిందట.

"పాము బొమ్మ ఎయ్యొద్దన్న. గంతే. పాము సంగతి బైబిల్ల ఉన్నది, చాలు. మిగతా జంతువులు ఎన్నన్న పెట్టుకొమ్మన్న."

నేను తీసుకెళ్ళిన కాజాల పొట్లం విప్పి ఒకటి కొరికిందామె. పాకం గడ్డం మీదికి కారింది. "దీన్ల రసం ఎట్ల నింపుతరు? సూదితోనా?" అని చాలా శాస్త్రీయంగా అడిగింది. నాకూ తెలియదు. తెలిసినట్టు తలూపాను.

"యాదగిరి ఎప్పుడొస్తారు?" అని అడిగితే "రేపు అంబటాళ్ళకు" అంది. అంబటాళ్ళ అనేది పక్క ఊరు కాబోలు, ఆ ఊరికి వెళ్ళొస్తాడని అనుకుని, "అక్కడి నుంచి బస్సుందాండీ?" అన్నాను. టీచరమ్మ కళ్ళజోడు తీసి నవ్వింది. అంబలి తాగే వేళట, అంటే పొద్దు కాస్త ఎక్కాక. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో గడియారాన్ని ఊరనుకున్న టీచర్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

యాదగిరి జంతువులు

మర్నాడు అంబటాళ్ళకే వచ్చాడు. నలభై ఐదేళ్ళుంటాయి, బక్కపలచని మనిషి, గోళ్ళలో నీలం రంగు. వెంట భార్య బాలమణి. చేటలో తునికాకులు, తంబాకు, కత్తెర పెట్టుకుని షెడ్డు గుమ్మంలో కూర్చుని బీడీలు చుడుతూనే, లోపలికి వచ్చేవాళ్ళను లోపలికీ, అర్థం కానివాళ్ళను అర్థంలోకీ పంపిస్తుంది.

షెడ్డులో తాళ్ళకు పదకొండు బొమ్మలు వేలాడుతున్నాయి. మనిషి కంటే ఎత్తైనవి. ఒకదానిలో 'సింగిల్ విండో' అని రాసిన చిన్న కిటికీలోంచి ఒక ఏనుగు సూటూ బూటూ వేసుకుని హాయిగా దూరిపోతోంది. అదే కిటికీ ముందు ఫైలు పట్టుకున్న చీమను "రేపు రా" అని పంపేస్తున్నారు. ఇంకోదానిలో డిగ్రీ పట్టాల మూటలు మోస్తున్న గాడిద, నోటీసు బోర్డు ముందు నిలబడి ఖాళీలు వెతుక్కుంటోంది. మరోదానిలో రెండు కాడెద్దులు, నీళ్ళు పడని బోరుగుంతలోకి తొంగి చూస్తున్నాయి. వాటి మెడలో కాడి లేదు, బ్యాంకు నోటీసు ఉంది.

మా బళ్ళో నేను ఏనుగు నేర్పాను, గాడిద నేర్పాను, ఎద్దు నేర్పాను. అవి ఇన్ని మాటలు మాట్లాడతాయని నాకెవరూ నేర్పలేదు.

"జంతువులనే ఎందుకు వేస్తారు?" అని అడిగాను.

"మనిషిని ఏస్తే కేసయితది మేడం. జంతువు ఏస్తే ఎవలు కేసేస్తరు? 'గది నేనే' అని కాయితం మీద రాసియ్యాలె గదా" అన్నాడు యాదగిరి.

బొమ్మ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళి ఉలిక్కిపడ్డాను. ఏనుగు వెనక ఒక నాయకుడు చేతులు జోడించి నవ్వుతున్నాడు. గాడిద వెనక ఇంకో నాయకుడి జన్మదిన శుభాకాంక్షలు. అన్నీ పాత ఫ్లెక్సీలు!

"ఇర్వై ఏండ్లు ఈ ఊర్ల బోర్డులన్ని నేనే రాసిన మేడం. ఎరువుల దుకాణం, కిరాణం, సైకిళ్ళు కిరాయికిచ్చే టాక్సి, దవాఖాన. నా 'క' చూస్తె గిది యాదగిరి చెయ్యి అని గుర్తుపట్టేటోళ్ళు. గీ ఫ్లెక్సీ మిషినొచ్చింది. నేను నాలుగు దినాలు రాసే బోర్డు పది నిమిషాలల్ల బయట పడేస్తుంది. ఇగ బ్రష్షులు కడుక్కొని కూసున్న."

"కూసోలే అక్కా, మంచంల పన్నడు. ఆర్నెల్లు పన్నడు" అంది గుమ్మంలోంచి బాలమణి.

"కాన్వాసు కొననీకె పైసలేవి? పండుగ అయిపోయినంక ఫ్లెక్సీలన్ని మోరీల పడుంటయి. తెచ్చి, సబ్బుతోని కడిగి, ఎనక దిక్కు గరుకు కాయితంతోని రుద్దితె రంగు మంచిగ పడ్తది. నా పని తిన్నది గదే, నాకు కాన్వాసు కూడ గదే."

వెలుతురు కావాలన్నాను

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. ప్రదర్శన రెండో రోజు పొద్దున్నే చర్చి లోపలికి వెళ్ళాను. రంగుటద్దాల గుండా ఎండ దిగి నేల మీద నీలం, ఎరుపు పరుస్తోంది. ఆ ఊపులో షెడ్డుకు వచ్చేసరికి లోపల చీకటి. రేకుల కింద ఒక్క బల్బు. మంచి బొమ్మలకు ఈ గతేమిటని నాలోని టీచరు నిద్ర లేచింది.

"బొమ్మలకు వెలుతురు కావాలి యాదగిరి గారూ. బయట పెరట్లో, బట్టలారేసే తీగలకు కడదాం."

ఆయన తటపటాయించాడు. "ఎండకు మంచిగ కొడ్తదా మేడం?" అన్నాడు. "నేను చెబుతున్నాగా" అన్నాను. ఇద్దరం కలిసి కట్టాము. పొద్దు ఎక్కింది. రోడ్డున పోయేవాళ్ళు కూడా గోడ మీదుగా చూసి లోపలికి రావడం మొదలుపెట్టారు. నేను నడుం మీద చేతులు పెట్టుకుని గర్వంగా నిలబడ్డాను.

సరిగ్గా అప్పుడు బాలమణి కత్తెర చేటలో పడేసి "అయ్యో, సచ్చినం పో!" అంది.

వరస చివరన ఒక ఊసరవెల్లి బొమ్మ ఉంది. మైకు కడ్డీ మీద కూర్చుని, పూటకో రంగు కండువా మార్చుకునే ఊసరవెల్లి. డబ్బు తక్కువై, రంగులో టర్పెంటైన్ ఎక్కువ కలిపి పల్చగా పూశాడట యాదగిరి. ఇప్పుడు వెనక నుంచి ఎండ కొడుతోంది. ఊసరవెల్లి ఒంట్లోంచి ఒక మనిషి ముఖం మెల్లగా తేలింది. ముందు మీసం, తర్వాత బొట్టు, తర్వాత జోడించిన చేతులు. ఊసరవెల్లి కన్ను సరిగ్గా ఆయన నుదుటి మీద వచ్చింది.

ఆ ముఖం ఊళ్ళో ఒక నాయకుడిది. పేరు చెప్పను. ఊళ్ళో కూడా ఎవరూ పేరు పెట్టి పిలవరు, 'అన్న' అంటారు. పొద్దున ప్రత్యేక రాష్ట్రం వేదిక మీద, సాయంత్రం దానికి అడ్డుపడేవాళ్ళ ఇంట్లో విందులో కనిపిస్తాడని ఊరంతా అనుకునే మనిషి. యాదగిరికి మిగిలిన ఒకే ఒక్క పని, గోడల మీద నినాదాలు రాయడం. ఆ పని ఇచ్చేది కూడా ఈయన మనుషులే.

"మీరు కావాలని ఈయన ఫ్లెక్సీ మీదే వేశారా?" అన్నాను.

"లే మేడం! ఏది ఖాళీగుంటె దాని మీద ఏసిన. ఒట్టు!"

విప్పేద్దామని పరుగెత్తాం. నేను డ్రాయింగు టీచర్ని కదా, ముడులు గట్టిగా వేస్తాను. ఊడలేదు. ఈలోగా జనం గుమిగూడారు. ఎవరో ఫోను చేశారు.

అన్న వచ్చాడు

రెండు బండ్ల నిండా మనుషులతో వచ్చాడు. తెల్లబట్టలు, మెడలో కండువా. తీగ ముందు నిలబడి చూశాడు. ఇంతమంది మధ్య వెలుతురు అడిగింది నేనే అని ఎవరైనా చెబుతారేమోనని ఎస్తేరు టీచరమ్మ వెనక్కి జరిగాను.

"యాదగిరీ, గీ ఊసరవెల్లి ఎవరు?" అన్నాడు.

"ఊసరవెల్లే అన్నా."

"మరి నా మొఖం కనవడ్తుంది?"

"గది మీ ఫ్లెక్సీనే గద అన్నా. మీ పుట్టినరోజుది."

ఎవరో కిసుక్కుమన్నారు. అన్న చెవులు ఎర్రబడ్డాయి. ఒకతను బ్లేడు తీసి ముందుకు దూకాడు. వెంటనే వాళ్ళలోనే ఇంకొకడు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఏందిరా! అన్న మొఖం మీద బ్లేడు పెడ్తవా?"

"ఊసరవెల్లిని కోస్తున్న!"

"ఊసరవెల్లిని కోస్తే అన్న తెగడా?"

అన్న ఫ్లెక్సీ చింపినవాణ్ణి తంతామని చాలా ఏళ్ళుగా ఊరికి చెప్పిందీ వాళ్ళే. చివరికి అన్నే ఒక ఉపాయం చెప్పాడు: "తిప్పి కట్టుండ్రి. నా మొఖం ఇటు దిక్కు రానీయిండ్రి."

నలుగురు పట్టుకుని, ముడులు పళ్ళతో విప్పి, తిప్పి కట్టారు. అన్న ముఖం నిండుగా ఇటు వచ్చింది. ఒక్క క్షణం బాగానే ఉంది. తర్వాత ఎండ తన పని తాను చేసింది. నవ్వుతున్న అన్న నోట్లోంచి ఊసరవెల్లి తోక చుట్టలు చుట్టుకుంటూ బయటికి వచ్చింది.

ఈసారి ఎవరూ ఆపుకోలేదు. ఎస్తేరు టీచరమ్మ పైట చెంగు నోట్లో కుక్కుకుంది. బ్లేడు పట్టుకున్నవాడు కూడా అటు తిరిగి భుజాలు ఎగిరేలా నవ్వుకున్నాడు. అన్న ఒక్కడే నవ్వలేదు. ఆ ఎండలో, అంతమంది మధ్య, తన ముఖం ముందు తానే నిలబడిన ఆ మనిషిని చూస్తే నాకు ఒక్క నిమిషం జాలి కూడా వేసింది. ఫ్లెక్సీని చుట్టించి బండిలో పెట్టించుకున్నాడు. వెళ్ళే ముందు యాదగిరి దగ్గరకొచ్చి మెల్లగా అన్నాడు.

"రేపటి సంది నా గోడల మీద చెయ్యి పెట్టకు."

యాదగిరి తలొంచుకున్నాడు. ఆ పనే వాళ్ళ పొయ్యి. "నా వల్లే జరిగింది, నేను ఎండ అనకపోతే..." అని బాలమణి చేయి పట్టుకున్నాను.

"ఊకో అక్కా. మూడేండ్ల సంది గీయన బొమ్మలు చీకట్లున్నయి. ఇయ్యాల ఊరంత చూసింది" అంది. కానీ ఆ సాయంత్రం ఆమె చుట్టిన బీడీలు వదులుగా వచ్చాయి. విప్పి మళ్ళీ చుట్టుకోవడం నేను చూశాను.

తర్వాత సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, మీరు పరేషాన్ కాకుండా. రెండు నెలల తర్వాత అన్న మనుషులే మళ్ళీ యాదగిరిని పిలిచారట. గరుకు రాతిగోడల మీద రాసే మిషను ఇంకా రాలేదు మరి.

కొంగ కాళ్ళు

మూడో రోజు జనం రెట్టింపయ్యారు. ఒక చోటా నాయకుడు వచ్చి బొమ్మలన్నీ వెనక్కి తిప్పి చూసి, "మా ఫ్లెక్సీల మీద ఎందుకు ఎయ్యలే? మేము లీడర్లం గాదా?" అని అలిగాడు. ఏ జంతువు కావాలని బాలమణి అడిగితే పులి అన్నాడు. "పులులు ఒడిసినయ్, ఇగ లేవు" అని చెప్పి పంపింది.

నేను నవ్వి నవ్వి, మధ్యాహ్నం జొన్నరొట్టె తింటూ గొప్పగా ఒక మాట అన్నాను: "తన బొమ్మ చూసి తాను నవ్వుకోలేని మనిషి నాయకుడెలా అవుతాడండీ?"

బాలమణి కత్తెర ఆగింది. "అక్కా, నీకొక బొమ్మ చూపెట్టాలె."

"వద్దే" అన్నాడు యాదగిరి కంగారుగా.

"మేడం బాధ పడ్తదని మంచం కింద పెట్టిండు" అంటూ ఆమె ఇంటికి వెళ్ళి, ఒక ఫ్లెక్సీ చుట్ట తెచ్చి విప్పింది.

బురదలో ఒక బర్రె. దాని వీపు మీద తెల్లటి కొంగ, కళ్ళజోడు పెట్టుకుని. దాని చేతిలో, అంటే రెక్కలో, ఒక పలక. పలక మీద యాదగిరి అందమైన అక్షరాలు: 'పోయిండు' కొట్టేసి 'వెళ్ళాడు'. కొంగ ముక్కు ఆ పలక వైపు చూపిస్తోంది. బర్రె ఓపికగా వింటోంది. కొంగ కాళ్ళ కింద బర్రె వీపు పుండు పడి ఉంది.

నా ముఖంలోకి వేడి పాకింది. ముందు రోజు పొద్దున్నే, గేటు దగ్గర యాదగిరి రాసిన 'బొమ్మలు జూడుండ్రి' అనే అట్ట చూసి "ఇక్కడ 'చూడండి' అని రాస్తే బాగుంటుంది" అని నేనన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

"ఇది నేనేనా?" అన్నాను.

అనగానే, నిన్న అన్న కూడా దాదాపు ఇదే అడిగాడని గుర్తొచ్చింది. యాదగిరి నేల చూపులు చూశాడు. "లే మేడం, గిది పోయినేడు ఏసిన. అప్పటికి మీరెవరో నాకు ఎరికనే లేదు."

అది ఇంకా బాధ. నన్ను చూడకుండానే నా బొమ్మ వేయగలిగాడు. మాట్లాడకుండా ఉండలేక, నా పాత ఆయుధం తీశాను.

"కొంగ కాళ్ళు తప్పు. కొంగ కాలు వెనక్కి మడుచుకుంటుంది. మీరు మనిషి మోకాలిలా ముందుకు మడిచారు."

యాదగిరి తల గోక్కున్నాడు. కాసేపు కాళ్ళ వంకే చూసి, "నిజమే మేడం" అన్నాడు. బ్రష్షు కడిగి నా చేతిలో పెట్టాడు. "జర మీరే సరిచెయ్యుండ్రి."

కూర్చున్నాను. ముందు కోపంతోనే వేశాను. పాత కాళ్ళు చెరిపి, కీలు ఎక్కడుంటుందో చూసుకుని, ఎనామిల్ రంగు జారిపోకుండా నెమ్మదిగా గీస్తుంటే కోపం ఎక్కడో పోయింది. కాళ్ళు కుదిరాక కొంగ ఇంకా ధీమాగా నిలబడింది. అప్పుడు గోళ్ళు బర్రె వీపులో ఎంత లోతుగా దిగాయో కూడా స్పష్టంగా కనిపించింది. అది సరిచేయలేదు. సరిచేయడానికి అందులో తప్పేమీ లేదు. చివర్లో కొంగ రెక్కకు నా గోధుమరంగు చేతిసంచి కూడా తగిలించాను.

"గిదెందుకు మేడం?" అన్నాడు యాదగిరి.

"పోలిక కుదరాలి కదా" అన్నాను. బాలమణి పగలబడి నవ్వింది.

బొమ్మను మిగతా పదింటి పక్కన తీగకు కట్టాం. సాయంత్రం టేక్మాల్ నుంచి దవాఖానకు వచ్చిన ఒక అవ్వ, బస్సుకు ఇంకా సేపుందని లోపలికి వచ్చింది. చేతికర్ర ఆనించి ఏనుగును చూసింది, ఎద్దులను చాలాసేపు చూసింది, కొంగ దగ్గర ఆగింది.

"గీ కొంగెవరు బిడ్డా?"

"నేనే అవ్వా" అన్నాను.

అవ్వ బొమ్మను చూసింది. తర్వాత నన్ను పైనుంచి కింది దాకా, మెల్లగా, అనుమానంగా చూసింది.

"ఏ, ఊకో! నువ్వు గింత తెల్లగెక్కడున్నవ్?"